పాట ఎత్తే కాకకు కట్టిన శ్రుతిపెట్టె

గోదావరిఖనిలో మా ప్రార్థన మందిరానికి రేకుల కప్పు, మట్టిగోడలు, ఒక హార్మోనియం ఉండేవి. డెబ్బైల మొదట్లో ఒక వానాకాలం ఆ హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేశాయి. ఆరాధనలో అందరికన్నా ముందు పాట ఎత్తే కాకకు అప్పటినుంచే కష్టాలు మొదలయ్యాయి.

కాక గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. కీర్తనలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. కానీ ఆదివారం ఆరాధన మొదలయ్యే వేళకే గని సైరన్ మోగేది. హార్మోనియం లేకపోయేసరికి, తనకు తెలియకుండానే సైరన్ హెచ్చు శ్రుతినే అందుకుని పాట ఎత్తేవాడు. రెండో చరణానికి ఆడవాళ్ల గొంతులు చీలిపోయేవి. మూడోదానికి మగవాళ్లమూ ఆగిపోయేవాళ్లం. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం కూడా ఇలాగే అయితే పాటలు మందమర్రి నుంచి వచ్చే టీచరుకు అప్పగిస్తామని పాస్టరు గారు చెప్పారు. ఆ రోజు కాక అన్నం ముట్టలేదట.

నేను ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో పనిచేసేవాణ్ని. కాకకు సరైన శ్రుతి అందించాలని ప్రార్థన చేసుకుని, రెండు ట్రాన్సిస్టర్లతో ఆసిలేటర్ కట్టాను. ఒకటి ఆగితే మరొకటి పనిచేస్తూ, స్పీకరులో ఒకే శ్రుతిని నిలిపే సర్క్యూటు అది. ఆ సోల్డర్ పొగ వాసన తలుచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడికే పోతుంది. ట్రైనింగ్ సెంటర్లో శబ్దాన్ని గీతగా చూపే ఆసిలోస్కోపు తెర మీద చూస్తే అల పెట్టె మూలల్లా పలకలు పలకలుగా ఉంది. శబ్దం కూడా అంతే మోటు. కళంకం లేనిదే దేవునికి అర్పించాలని విని పెరిగినవాణ్ని, మనసొప్పలేదు. మూడు కెపాసిటర్లు చేర్చి ఆ మూలలన్నీ అరగదీశాను. అల నున్నగా తిరిగింది, శబ్దమూ మెత్తబడింది. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

శనివారం సాయంత్రం పాటల అభ్యాసానికి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. అందరూ గొంతు కలపగానే దాని శబ్దం మునిగిపోయింది.

“మోగుతున్నదా బిడ్డా అది?” అన్నాడు కాక.

“మోగుతున్నది కాకా. మలినం లేని శబ్దం. జర చెవి పెట్టి ఇను.”

“పరలోకంల ఇనవడ్తదేమో తమ్మీ, ఈడనైతే లేదు!” అంది వెనక నుంచి ఒక అక్క. అందరూ నవ్వారు.

కాక నవ్వలేదు. “మా గొంతుల బొగ్గున్నది, చెవుల బ్లాస్టింగు మోతున్నది. ప్రభువు మమ్ముల గిట్లనే రమ్మన్నడు గదరా. నువ్వేంది, డబ్బాను గంత కడిగి తెచ్చినవ్?”

జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి మూడు కెపాసిటర్లనూ కత్తిరించేశాను. పాత మోటు శబ్దం తుమ్మెదలా గుయ్యిమని లేచింది. కాక తలూపాడు.

మర్నాడు మట్టలు పట్టుకుని అందరం నిలబడగానే సైరన్ మోగింది. కాక నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, సైరన్ అణిగేదాకా ఆగి, అప్పుడు పెట్టె శ్రుతిలో పాట ఎత్తాడు. ముసలమ్మలు కూడా ఆఖరి చరణం దాకా అందుకున్నారు.

పాస్టరు గారు పాటల పుస్తకం తెరిచి, “తర్వాత ఏ పాట?” అని కాకనే అడిగారు.