బావంచి గింజల జెల్, మాచర్ల ఎండ

పొద్దున ఆరున్నరకు నరసరావుపేట స్టాండులో మాచర్ల బస్సెక్కాను. ముందురోజు సాయంత్రం నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. మాచర్లలో డిగ్రీ చదివే అనూష ముఖం అది. కళ్ళ కింద ఎర్రగా పొక్కి, అంచులు నల్లబడుతున్నాయి. వెంటనే వాళ్ళమ్మ తిరుపతమ్మ ఫోన్ చేసింది. "మీ మందే మేడం. వచ్చి చూసిపోండి," అని పెట్టేసింది.

మందు మాదే. ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే, ఇద్దరు తోటి లెక్చరర్లతో కలిసి మొటిమలకు మొక్కల నుంచి ఒక జెల్ తయారుచేస్తున్నాను. వేప, పసుపు, బావంచి గింజల సారం కలుపుతాం. బావంచి మొటిమలకు మంచిదే. కానీ అందులోని ఒక పదార్థం ముఖం మీద ఉండగా ఎండ తగిలితే, ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు పొక్కుతుంది. దాన్ని తీసేశామనే నమ్మాం. అయినా రాత్రిపూట మాత్రమే రాసుకోమని ట్యూబు మీద అచ్చేయించి, ఒప్పుకున్న కొద్దిమందికి ఇచ్చాం. ఒక ఆడపిల్ల ముఖం పాడుచేశానేమోనన్న భయం తప్ప బస్సులో నాకు ఇంకే ఆలోచనా లేదు.

ఆధార్ చూసి కండక్టరు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. పిడుగురాళ్ళలో దిగి టీ తీసుకున్నాను గానీ సగం పారబోశాను. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని ఎక్కడికని అడిగింది. మాచర్లలో ఒకమ్మాయిని చూడటానికన్నాను. సంబంధం అనుకుందేమో, "పిల్ల మొకం కళగా ఉంటదా?" అంది. నేను ఫోను తీసి ఆ ఫొటో మళ్ళీ చూశాను.

తొమ్మిదిన్నరకు మాచర్లలో దిగి ఆటోలో వాళ్ళింటికి వెళ్ళాను. అనూష చున్నీ తీసింది. కింది చెంపలు, గడ్డం నున్నగా ఉన్నాయి. ఒక్క మొటిమ లేదు. కళ్ళ కింద మాత్రం ఒక పట్టీలా కాలింది. రెంటికీ మధ్య గీత గీసినట్టు హద్దుంది.

"జెల్ ఎప్పుడు రాసుకున్నావమ్మా?"

"రాత్రే మేడం. సెలవల్లో అమ్మతో కాయకోతకు పోయా. మిరపఘాటుకి మొకమంతా ఒకటే మంట. మీ మందు చల్లగా ఉంటదని పొద్దున పూట కూడా రాసుకుని, నుదురు మూసి, ముక్కు మీదుగా చున్నీ కట్టుకున్నా."

కోతలకు పోయేవాళ్ళు మంట తెలియకుండా కొబ్బరినూనె రాసుకుంటారు. ఈ పిల్ల నూనెకు బదులు మా జెల్ రాసుకుంది. చున్నీ కప్పిన చోట మొటిమలు పోయాయి, కప్పని చోట చర్మం కాలింది. అంటే మేం తీసేశామనుకున్నది అందులో ఇంకా ఉంది.

అనూషను మాచర్లలోనే ఉన్న చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాను. తగ్గుతుంది గానీ మచ్చలు పోవడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా ఎండకు పోకూడదు అన్నారు.

"ఎండకు పోకుండా మేం ఎట్టా బతకాల మేడం?" అంది తిరుపతమ్మ.

తప్పు మాదేననీ, వైద్యమంతా మేమే చేయిస్తామనీ చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. మిగిలిన ట్యూబు ఇమ్మని అడిగితే అనూష తల దించుకుంది.

"గురజాలలో మా పిన్ని కూతురు కోటేశ్వరికిచ్చా మేడం. నాకు తగ్గినయ్యని చానా బతిమాలింది."

పన్నెండింటికి తిరుగు బస్సెక్కి, అనూష ఇచ్చిన నంబరులో కోటేశ్వరికి ఫోన్ చేసి, ఆ జెల్ తయారుచేసే మేడాన్నని చెప్పాను. "ఆ ట్యూబు తీసుకుని స్టాండు బయట నాకు కనపడేట్టు నిలబడమ్మా," అన్నాను. ఎందుకని అడిగితే వచ్చాక చెబుతానన్నాను. ఫోన్లో చెబితే పిల్ల హడలిపోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి కాలుతుందన్న మాట ఇంకోసారి నా నోటితో అనడానికి భయపడ్డాను.

రెంటచింతలలో టైరు మార్చడానికి బస్సు ముప్పావు గంట ఆగింది. కిటికీ ఊచ ముట్టుకుంటే చురుక్కుమంది. మళ్ళీ ఫోన్ చేస్తే కలవలేదు.

గురజాల స్టాండు దగ్గర జనమంతా రేకుల షెడ్డు నీడలో ఉన్నారు. ఒకమ్మాయి మాత్రం రోడ్డు మీద నడిఎండలో నిలబడి ట్యూబు పైకెత్తి ఊపుతోంది. ముఖం నిగనిగలాడుతోంది. బస్సు ఆగీ ఆగకముందే దిగాను.

"రాసుకున్నావా?"

"మీరొస్తున్నారుగా మేడం, ఎట్టా పనిచేస్తందో చూపిద్దామని."

నీడలోకి లాక్కెళ్ళి, పక్క కొట్లో సబ్బు కొని, ముఖం కడిగించాను. ఎండలో ఎంతసేపున్నావని అడిగాను.

"మీ ఫోను పెట్టేసిన కాడ్నించీ ఈడనే ఉన్నా. నీడలో ఉంటే మీకు కనపడనేమోనని."

అప్పుడు అంతా చెప్పాను. వాళ్ళమ్మకు ఫోన్ చేసి కూడా చెప్పాను. ఆ పిల్ల చెంపలు తడుముకుంటూ, "ఏం లేదుగా మేడం, బాగానే ఉందిగా," అంది. ఆ రోజుకు బాగానే ఉంటుంది.

సాయంత్రం నరసరావుపేట బస్సులో కూర్చుని, జెల్ వాడుతున్న మిగతా వాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేసి ఆపేయమన్నాను. పిడుగురాళ్ళ దాటాక చేయాల్సిన వాళ్ళెవరూ మిగల్లేదు. రేపు, ఎల్లుండి ముఖం ఫొటో తీసి పంపమని కోటేశ్వరికి చెప్పి వచ్చాను. తప్పకుండా పంపుతుంది. కనపడేట్టు నిలబడమన్నానని, పక్కనే నీడ ఉన్నా అందులోకి వెళ్ళని పిల్ల అది.