గాలిమరలు కప్పిన గది

వీధి వీధంతా ఆమెను పిన్ని అనే పిలిచేది, ఆమెకంటే పెద్దవాళ్లతో సహా. ఆడపిల్లలకూ అత్తలకూ కుట్టు నేర్పే గది నడిపేది. కిటికీ నిండా దారపు ఉండలు, గోడవారన మిషన్లు, పైన తుప్పు పట్టిన రేకులు. చినుకు పడితే మిషన్ల మీద గొడుగులు విప్పి మరీ పాఠం చెప్పేది. వానలు మొదలయ్యేలోగా కప్పు బాగుచేయించకపోతే గదికి తాళం వేస్తామని మున్సిపల్ ఆఫీసువాళ్లు చెప్పి వెళ్లారు.

కొండ మీద గాలిమరలు తిప్పే కంపెనీ, చుట్టుపక్కల మంచి పనులకు ఏటా సాయం ఇస్తుంది. కావలసినవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి.

"రేకులు లేపేసింది ఆ గాలే కదా వదినా! దాన్నే అడుగు, మొహమాటమెందుకు?" అన్నాడు వడ్రంగి మరిది.

పిన్ని అడిగింది. గది చూడ్డానికి సాయం కమిటీ నుంచి ఒకావిడ వస్తున్నట్టు కబురొచ్చింది.

ఇక చూడాలి హడావుడి! వచ్చిన మనిషికి చిరుగు చూపించడం పిన్ని ఒంట్లో లేదు. అతుకు ఎప్పుడూ లోపలివైపే ఉండాలనేది ఆమె పాఠాల్లో మొదటిది. ఎదురింటి కుర్చీలు, పక్కింటి తివాచీ, మూలింటి ఫ్యాను తెప్పించింది. మిగిలిన గుడ్డలన్నీ కలిపి కుచ్చులు పెట్టి కుట్టి, రేకుల కింద ఈ మూల నుంచి ఆ మూలకు పందిరిలా లాగి కట్టింది. పెళ్లివారి విడిదిల్లులా ఉంది గది.

కమిటీ ఆవిడ వచ్చి, కుర్చీలో కూర్చుని, నాలుగువైపులా చూసింది.

"ఎంత ముచ్చటగా ఉందండీ! కానీ ఏమీ అనుకోకండి, మీకంటే అవసరం ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు."

గది పోతుందని పిన్నికి తెలుస్తూనే ఉంది, అయినా వంగి తివాచీ అంచు సర్దింది.

అంతలో ఎదురింటి కోడలు గుమ్మంలోకి వచ్చింది. "పిన్నీ, నా కుర్చీ ఇచ్చెయ్యవా? మా అత్త వచ్చి నిలబడే ఉంది, నన్ను తినేస్తోంది!"

కమిటీ ఆవిడ కూర్చున్నది ఆ కుర్చీలోనే. ఆవిడ లేచింది. పిన్ని ఇంకో కుర్చీ చూపించబోతే అదీ అదే ఇంటిది. వెనకాలే మూలింటాయన వచ్చి ఫ్యాను ఆపి చంకన పెట్టుకున్నాడు. "ఉక్కపోసి చస్తున్నామమ్మా, మీరు మాట్లాడుకోండి!"

కమిటీ ఆవిడకు నవ్వాగలేదు. "మరి ఈ తివాచీ?"

"పక్కింటిది," అన్నాడు గోడవారన నిలబడ్డ మరిది. "ఆ పైనున్న పందిరొక్కటే మా సొంతమండీ. దాని వెనకాలున్నదీ మా సొంతమే. వదినా, ఇంకా ఎందుకూ సిగ్గు?"

పిన్ని కత్తెర అందుకుంది. మూల ముడి మీద ఒక్క కత్తిరింపు. గుడ్డంతా జారి కిందపడింది. రేకుల చిల్లుల్లోంచి ఎండ దిగి, కమిటీ ఆవిడ సాదా చీర కాస్తా చుక్కల చీరయింది.

ఆవిడ తన కొంగు చూసుకుంది, పైకి చూసింది. "నేను చూడ్డానికొచ్చింది ఇది కదా పిన్నీ!" అంది.

వానలకు ముందే కొత్త కప్పు పడింది. తొలివాన రోజున ఒక్కరూ ఇంటికి కదల్లేదు. చప్పుడు వింటూ మిషన్లు తొక్కారు. పిన్ని మాత్రం అలవాటు కొద్దీ గొడుగు విప్పి కూర్చుంది.

"పెళ్లికూతురివా వదినా, గొడుగు పట్టడానికి?" అన్నాడు మరిది. అందరికంటే గట్టిగా నవ్వింది పిన్నే.

ఇప్పుడామె లేదు. గది ఉంది. వాన పడినరోజు అక్కడ ఎవరో ఒకరు, పొడి గదిలో, ఉత్త పుణ్యానికి గొడుగు విప్పుతారు.