ఫర్వాలేదన్న జవాబు

తలుపు సందులోంచి సర్కారు వారి గోధుమరంగు కవరు పడితే ఆ చప్పుడే వేరు. నెరిస్ వంటింట్లో కూర్చునే పోల్చుకుంది. గోడ పట్టుకుంటూ నడవలోకి వచ్చేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. కవరు చింపడానికి వేళ్లు లొంగలేదు. పళ్లతో చింపింది.

మంగళవారం పదీ పదికి ఉపాధి ఆఫీసుకి రావాలి. వారానికి ముప్పై గంటలు ఉద్యోగం వెతుకుతానని సంతకం పెట్టాలి. రాకపోయినా, పెట్టకపోయినా భత్యం ఆగిపోతుంది. ఆ భత్యం తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు.

ఇరవై మూడేళ్లు బడి వంటశాలలో పిల్లలకు వండిపెట్టిన మనిషి. నరాల జబ్బొచ్చి ముందు చేతిలోంచి గరిటెలు జారాయి, తర్వాత కాళ్లు మొరాయించాయి. పోయినసారి ఆరోగ్య పరీక్ష పేరుతో ఎవరో ఫోనులో గంటసేపు ప్రశ్నలడిగి, పని చేయగలదని రాసేశారు. ఎందుకు రాశారో వీధి మొత్తానికీ తెలుసు. ఎలా ఉన్నారంటే, "ఫర్వాలేదండీ, మీరెలా ఉన్నారు?" అంది. మెట్లెక్కగలరా అంటే, "ఏదో లాక్కొస్తున్నా" అని నవ్వింది. వేల్స్ గనుల లోయలో ఆడవాళ్ల నోట ఇంకో జవాబు రాదు. వాళ్లమ్మ ప్రాణం పోయే రోజు కూడా డాక్టరుతో అదే మాట అంది.

పక్కింటి ఒల్వెన్ ఆంటీ తలుపు తట్టకుండానే వచ్చి, టీకి నీళ్లు పెట్టి, అడక్కుండానే ఉత్తరం చదివేసింది.

"నేనే ఆఫీసర్ననుకో. ఎలా ఉన్నారమ్మా?"

"ఫర్వాలే..."

ఆంటీ చెంచాతో బల్ల మీద ఠంగున కొట్టింది. "నీ ఫర్వాలేదు పొయ్యిలో పెట్టు! మొన్న మెట్ల మీద పడి గంటన్నర అక్కడే ఉన్నావు, అది చెప్పు. కొట్టు నించి వస్తూ ఆపుకోలేక బట్టలు తడుపుకున్నావు, అదీ చెప్పు."

"పరాయి మనిషి ముందా? సిగ్గుతో చస్తాను ఆంటీ."

"చెప్పకపోతే ఆకలితో చస్తావు. ఇంకో మాట, ఆ ఎర్ర కోటూ పెదాలకు రంగూ వద్దు. పెళ్లికి పిలిచారా నిన్ను?"

"తల దువ్వుకోకుండా ఆఫీసుకెళితే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

మంగళవారం దాకా చెంచా ఠంగుమంటూనే ఉంది.

ఎర్ర కోటు వేసుకునే వెళ్లింది. బస్సు ఆలస్యమైంది. ఆఫీసు గడియారంలో పదీ ఎనిమిది చూశాక గానీ నెరిస్‌కి ఊపిరి ఆడలేదు. వెంట వచ్చిన ఆంటీ నోరు విప్పితే అసలుకే మోసం వస్తుందని, ఆమెను గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి లోపలికి నడిచింది.

కంప్యూటరు వెనక షానన్ అనే అమ్మాయి. పాతికేళ్లుంటాయేమో.

"రండి. ఎలా ఉన్నారివాళ?"

"ఫర్వాలేదమ్మా. నువ్వెలా ఉన్నావు?"

నోరు దానంతటదే అనేసింది. షానన్ వేళ్లు టకటకా కదిలాయి. తెర అటువైపుంది, ఏం రాస్తోందో కనిపించదు. ఇంకో రెండు మాటలు రాస్తే చాలు, ఆ సంతకం కాగితం ముందుకొస్తుంది.

"అమ్మాయ్, అది కొట్టేయ్."

"ఏది?"

"ఫర్వాలేదన్నది. అబద్ధం."

టకటక ఆగింది. నెరిస్ ఆ పిల్ల మొహం చూడలేదు, బల్ల అంచు చూస్తూ చెప్పింది. మెట్ల సంగతి చెప్పింది. సీసా మూత తిరగదంది. బట్టల సంగతీ మొదలుపెట్టింది. అది చెబుతుండగానే కోటు కింద వెచ్చగా తగిలింది.

"ఇప్పుడు కూడా..." అంది.

షానన్ మెల్లగా టైపు చేసి, రాసినదంతా తగ్గు గొంతుతో చదివి వినిపించింది. ఒక్కో వాక్యం చెంపదెబ్బలా తగిలింది.

"ఇలాగే ఉంచమంటారా?"

వద్దనాలనిపించింది. "ఉంచు," అంది.

"మీకు మళ్లీ ఆరోగ్య పరీక్ష జరిగేదాకా ముప్పై గంటలు తీసేస్తున్నాను. భత్యం ఆగదు. కానీ ఆ పరీక్ష చేసేది నేను కాదు, వేరేవాళ్లు. వాళ్లేం రాస్తారో నా చేతుల్లో లేదు."

అంటే ఇంకో గది, ఇంకో మనిషి, మళ్లీ అదే ప్రశ్న. నెరిస్ చేతికర్ర పట్టుకుని బయటికొచ్చింది.

ఒల్వెన్ ఆంటీ ఒక్క ఉదుటున లేచింది. "ఏమైందే? ఎలా ఉన్నావు?"

నెరిస్ నోరు తెరిచింది. మూసింది.

"మళ్లీ ఆరోగ్య పరీక్ష పెడతారట, భయంగా ఉంది ఆంటీ. కోటు తడిసింది. బస్సెక్కలేను."

ఆంటీ తన పొడుగు కోటు విప్పి ఆమె నడుముకు చుట్టి, ఆ కోటు చేతులు ముడేసింది. టాక్సీకి ఫోన్ చేశాక చెవి దగ్గరికొచ్చి అంది:

"ఆ పరీక్ష రోజు కూడా ఇలాగే చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు."