చిట్టియ్య ఎంచుకున్న ఉప్పుపర్ర

నరసాపురం కాలువలో మా పడవ లాకు దగ్గర ఆగిన పొద్దున, గట్టు మీద చిట్టియ్య ఎదురయ్యాడు. నెత్తిన మూట, వెనక ముసలి తల్లి సువార్తమ్మ. నా పక్కన కూర్చున్న సూర్యరాజుగారు అతణ్ణి చూస్తూనే లేచి నిలబడ్డారు. ఎనిమిదేళ్లు తన పొలం దున్నిన పాలేరు నాట్ల ముందు చెప్పాపెట్టకుండా ఊరు విడిచిపోతున్నాడు మరి.

"ఒరేయ్ చిట్టియ్యా, ఎక్కడికిరా?"

"మొగల్తూరు అవతల పల్లెకండి. మా చిన్నాన్న కొడుకులున్నారండి."

"ఆ ఉప్పుపర్రకా? అక్కడ గడ్డి కూడా మొలవదు. తాగే నీళ్లు రెండు క్రోసులు మోసుకోవాలి."

"అవునండి."

ధాత నామ సంవత్సరపు కరువులో కర్నూలు వైపు నుంచి నడిచొచ్చి, కాలువ తవ్వి, ఆ కాలువ పారే పొలంలోనే కుదిరినవాడు చిట్టియ్య. ఇలాంటివాళ్లంతా నీళ్లు చూసి వచ్చారని కచేరీ కాగితాల్లో రాస్తారు. పశువులూ నీళ్లు చూసే వస్తాయి. రాసేవాళ్లకు ఆ తేడా అక్కర్లేదు. రంగూను రేవులో దిగిన మనవాడు కూలి ఎక్కడ ఎక్కువని అడగడు, మా ఊరివాళ్లు ఏ వీధిలో ఉన్నారని అడుగుతాడు. ఇది తెలియడానికి సముద్రం దాటక్కర్లేదు. రాజుగారు తన పాలేరు గుడిసె దాకా నడిచినా సరిపోయేది.

ఆయన బేరం మొదలుపెట్టారు. కొత్త పాక వేయిస్తానన్నారు. ధాన్యం ఇంకాస్త కొలుస్తానన్నారు. పాడిగేదె దాకా వచ్చారు.

"ఇంకా ఏం తక్కువైందిరా మా ఊళ్లో?"

"మనుషులండి," అంది సువార్తమ్మ, గట్టు మీద చతికిలబడి.

"మూడొందల గడప ఉందే."

"అందులో నన్ను మొయ్యడానికి నలుగురి పేర్లు చెప్పండి."

కిందటేడు చిట్టియ్య భార్య రూతు పోతే పాడె పట్టడానికి ఒక్కరూ రాలేదు. కిరస్తానం పుచ్చుకున్నవాళ్లని పేటలో సొంత కులంవాళ్లే ముట్టలేదు; పై ఇళ్లవాళ్లు ఎలాగూ ముట్టరు. రాజుగారు దయతలచి బండి పంపారు. పొలానికి పెంట తోలే బండి. కడిగించనైనా లేదు. ఆ ఉపకారాన్ని పడవలో నాతో రెండుసార్లు చెప్పుకున్నారు.

"ఈసారి మంచి బండే ఇస్తాలేవే," అన్నారు చివరికి.

పడవవాళ్లు సైతం తలలు తిప్పుకున్నారు. చిట్టియ్య తల్లికి చెయ్యి అందించి లేపాడు. రాజుగారు ఇంకా ఆ బండికి కట్టే ఎడ్ల సంగతి చెబుతుండగానే ఇద్దరూ గట్టు దిగి తాటితోపు వెంట సాగిపోయారు. వెళ్లొస్తామని కూడా అనలేదు.