జంగమ్మకు పరలోకమంటే భయం

చావంటే భయపడేవాళ్లు ఊరినిండా ఉంటారు. జంగమ్మకు మాత్రం పరలోకమంటే భయం. నవ్వకండి! తాండూరు నాపరాళ్ల పాలిషింగులో నడుం విరగ్గొట్టుకుని పిల్లల్ని పెంచిన మనిషి ఆమె, పిరికిది కాదు.

ఆ భయానికి కారణం, ఆమెకంటే ముందే పరలోకం చేరిన మొగుడు శ్రీశైలం. బతికినన్నాళ్లూ తాగొచ్చి కొట్టాడు. సందు మొదట్లో "ఓ జంగీ!" అని కేక వినపడితే చాలు, ఆమె పిల్లల్ని వెనక్కి దాచుకునేది. చివరికి లివర్ చెడి మంచాన పడ్డాక ఏడ్చి, బాప్తిస్మం పుచ్చుకుని, పౌలు అనే పేరు పెట్టుకుని, నెల తిరక్కుండా పోయాడు. "పాపాలన్నీ క్షమించబడినయ్, కొత్త మనిషై పోయిండు" అని సమాధి దగ్గర పాస్టరు కుమారస్వామి అంటే జనమంతా ఆమెన్ అన్నారు. జంగమ్మ తప్ప.

మొన్న వికారాబాద్‌లో డాక్టరు ఆమె గుండె బాగా పాడైందన్నాడు. కూతురు నిరోషా తల్లికి ధైర్యం చెబుదామనుకుని, "నాయిన పక్కన్నే నీకు జాగ మాట్లాడినమమ్మా, ఫికర్ చెయ్యకు" అంది. ఇక చూడండి! ఆ రోజు నుంచి జంగమ్మకు కంటి మీద కునుకు లేదు. లోకాంతాన కడబూర మోగిననాడు చచ్చినవాళ్లంతా లేస్తారు కదా, తను కళ్లు తెరవగానే పక్కన ఎవరుంటారు? అతనే!

ఆదివారం ఆరాధన కాగానే పాస్టరును పట్టుకుంది.

"నన్ను గాయన పక్కన పెట్టనియ్యకు పాస్టరయ్యా. జర పిల్లలకు చెప్పు."

"ఆయన ఇప్పుడు పాత శ్రీశైలం కాదమ్మా. దేవుడు ఆయన పాపాలను సముద్రంల పడేసిండు."

"పడేస్తే పడేసిండు. దెబ్బలు తిన్నది నేను గద! నన్నొక్క మాటన్న అడిగిన్రా? గాయన అడిగిండా?"

పాస్టరు మంచివాడే గానీ, ఏ పుండుకైనా ఒకటే మందు రాసే రకం. ఈసారి మాత్రం తల దించుకున్నాడు.

"అడగాల్సింది అమ్మా. నేనన్న అడిగించాల్సింది." బైబిలు చివరి పుటలు తిప్పి అన్నాడు: "అక్కడ ఒక్కొక్కరికి దేవుడు ఒక కొత్త పేరు ఇస్తడట. తీసుకున్నోళ్లకు తప్ప గా పేరు ఇంకెవ్వరికీ తెల్వదు."

"మొగునికి గూడ?"

"మొగునికి గూడ."

జంగమ్మ మధ్యాహ్నం కూతుర్ని వెంటబెట్టుకుని సమాధుల తోటకు పోయింది. దగ్గరికి మాత్రం పోలేదు, గేటు దాటగానే ఆగిపోయింది. పాపం, మట్టి కింద ఉన్నవాడికి కూడా అంత దూరంలోనే నిలబడింది.

"ఇంటున్నవా?" అంది అక్కణ్నుంచే. "నీ పక్కన్నే పండుకుంట. గని అక్కడ నన్ను కేకేసుడు నీతోని గాదు. మాఫీ గావాల్నంటే నువ్వే వచ్చి, నీ పేరేందమ్మా అని మంచిగ అడుగు. నాకు చెప్పబుద్ధయితే చెప్త."

నిరోషాకు కన్నీళ్లు ఆగలేదు. తల్లిని గట్టిగా పట్టుకుంది.

"ఇగ భయం లేదు గదనే అమ్మా?"

"ఎందుకుండదు బిడ్డా! పాస్టరయ్యకు చెప్పు. ముందుగాల గాయనను లేపి, జర దూరం తోలినంక నన్ను లేపమని ప్రార్థన చెయ్యమను."