విమలకుమారి చేసిన తర్జుమా

అమెరికాలో, ఇర్వింగ్‌లోని ఆ తెలుగు చర్చిలో ఎవరు ఇంగ్లీషులో మాట్లాడినా, ముందు వరసల పెద్దవాళ్ల కోసం పక్కనే నిలబడి వాక్యం వెంట వాక్యం తెలుగు చేసేది విమలకుమారే. పన్నెండేళ్లలో ఆమె ఒక్క వాక్యం వదిలింది లేదు. ఆ ఆదివారం దేవుడి మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పవలసినవాడు ఆమె కొడుకు జెరెమీ. ఇరవైమూడేళ్లవాడు, అమెరికా సైన్యంలో పదాతి సైనికుడు. సిరియా అంతర్యుద్ధానికి వెళ్లి శౌర్య పతకంతో తిరిగొచ్చాడు.

"చర్చివాళ్లంతా నీ కోసం నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశారు నాన్నా. రెండు ముక్కలు చెప్పి దిగిపో," అంది విమలకుమారి, చర్చికి వెళ్తూ కారులో.

"ఏం చెప్తానో తెల్సా, మమ్మీ?"

"దేవుడు కాపాడాడని. ఇంకేముంటుంది?"

వాడు యుద్ధం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఖాళీ గది తలుపైనా సరే తట్టి, కాసేపు ఆగి గానీ లోపలికి వెళ్లడం లేదు. మిలిటరీ మర్యాద నేర్పిందని ఆమె మురిసిపోయింది.

చర్చిలో పతకం చూసి సంఘ పెద్ద ఆమోసు గారు, "మా పులిరా వీడు!" అంటూ భుజం చరిచి ముందు వరసలో కూర్చున్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

జెరెమీ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆమె తెలుగులో అందుకుంది.

"ఒక ఇంట్లో మావాళ్లిద్దరు గాయపడి పడిపోయారు. వాళ్లను మోసుకొచ్చినందుకే ఈ పతకం."

చప్పట్లు.

"వాళ్ల దగ్గరికి వెళ్లే దారిలో ఒక గది. తలుపు మూసి ఉంది. నేను తట్టలేదు."

తర్వాతి వాక్యం విని ఆమె ఆగిపోయింది.

"ఏమన్నాడమ్మా?" అన్నారు ఆమోసు గారు.

"దేవుడే... దేవుడే కాపాడాడంటున్నాడు."

ముందు వరసలు హల్లెలూయా అంటూ చేతులెత్తాయి. వెనక వరసల్లో ఇంగ్లీషు తెలిసినవాళ్లు కదల్లేదు.

"నేను అది చెప్పలేదు, మమ్మీ," అన్నాడు జెరెమీ మైకులోనే, వచ్చీరాని తెలుగులో. "మళ్లీ చెప్తా. నువ్వు కరెక్ట్‌గా చెప్పు."

అదే వాక్యం మళ్లీ, మరింత నెమ్మదిగా చెప్పాడు.

ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది.

"తలుపు సందులోంచి గ్రెనేడ్ విసిరాను. లోపల ఒక తల్లీ, ఇద్దరు కూతుళ్లూ ఉన్నారు."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆమోసు గారి చేతులు మెల్లగా ఒళ్లోకి దిగాయి. జెరెమీ తర్వాతి వాక్యానికి ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె వాడి పక్కకు ఒక అడుగు జరిగి, వినడానికి తల వంచింది.