నక్షత్రానికి కాగితం అంటించింది ఎవరు?

నిన్న ముత్తంగి దగ్గర ఓ దుకాణం ముందు ఉడికించిన మైదా గంజి వాసన వచ్చింది. క్రిస్మస్ నక్షత్రాలకు రంగు కాగితాలు అంటిస్తున్నారు. మీ ఇళ్లలోనూ ఇలాగే చేసేవారు, గుర్తుందా?

మా ఇంట్లో వెదురు బద్దలతో నక్షత్రం కట్టి కాగితం అంటించడం నాన్న వంతు. గంజి కాయడం, పిండివంటలు చేయడం అమ్మ వంతు.

నా చిన్నప్పుడు క్రిస్మస్ ముందు ఓ సాయంత్రం నాన్న కంపెనీ నుంచి ఇంకా రాలేదనుకున్నాం. వంటింటి కిటికీ అవతల, పెరట్లోంచి ఆయన గొంతు వినిపించింది.

"జెర గంజి ఇయ్యి. జల్దీ అంటిస్త."

అమ్మ గిన్నె అందించింది.

"గింత సల్లగున్నయేంది మీ చేతులు?" అంది. ఆ చేతులు గిన్నె అందుకుని పక్కకు తప్పుకున్నాయి. ఆ గొంతు నేనూ విన్నాను.

చీకటి పడ్డాక నాన్నను ఇద్దరు తోటి పనివాళ్లు పట్టుకుని ముందు గుమ్మంలోంచి తీసుకొచ్చారు. కంపెనీలో గ్యాస్ లీకై, సాయంత్రమంతా ఆయన దవాఖానలో స్పృహ లేకుండా పడి ఉన్నాడట.

అమ్మ పెరట్లోకి పరుగెత్తింది. నక్షత్రానికి ఒక్క కొన తప్ప అంతా కాగితం అంటించి ఉంది. గంజి ఇంకా తడిగానే ఉంది.

వెనకే మెల్లగా వచ్చిన నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత దాని ముందు కూర్చుని, మిగిలిన కొనకు కాగితం అంటించాడు.

పెద్దయ్యాక ఒకసారి ఆ సాయంత్రం గురించి నాన్నను అడిగాను.

"నాకేం యాదికి లేదు బిడ్డా," అన్నాడు. "గని సోయి లేకుంట పడున్నప్పుడు, ఇంటికాడ నా పని మిగిలిపోయిందన్న రంది ఒక్కటే మనసుల ఉండె."